తెల్ల చిలుకా పావురమూ – ఒకే చోట మేత



ఈ రోజు మనం రెండు పక్షుల గురించి మాట్లాడుకుందాం. ఒకటి మనకు బాగా తెలిసిన పావురం. రెండోది మన ఊళ్ళలో లేని పక్షి. దాని పేరు కాకటూ. ఈ రెండూ ఒక పెద్ద నగరంలో పక్కపక్కనే మేత మేస్తాయి. ఎలా మేస్తాయి? పోట్లాడుకోకుండా ఎందుకు మేస్తాయి? మనుషులు వాటికి తిండి వేస్తే మంచిదా, చెడ్డదా? ఈ మూడు సంగతులూ చూద్దాం. చివరి సంగతి మనకూ పనికొస్తుంది. ఎందుకంటారా? పావురాలకు గింజలు చల్లేదీ మనమే, వాటి రెట్టలు ఊడ్చేదీ మనమే కదా!

ఆ నగరం ఎక్కడుంది?

ఆ నగరం పేరు సిడ్నీ. అది ఆస్ట్రేలియా దేశంలో, సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ 50 లక్షలకు పైగా జనం ఉంటారు. ఆ దేశం భూమికి దక్షిణం వైపున ఉంది. అందుకని మనకు చలికాలం వచ్చినప్పుడు వాళ్ళకు ఎండాకాలం. మనం సంక్రాంతికి భోగిమంట దగ్గర చలి కాచుకుంటుంటే, వాళ్ళు ఎండకు చెమటలు తుడుచుకుంటారు. చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళిన మన తెలుగువాళ్ళు కూడా అక్కడ చాలామంది ఉన్నారు.

సిడ్నీలో పెద్ద పెద్ద మేడలున్నాయి. వాటి మధ్య పార్కులూ, పచ్చిక బయళ్ళూ, పాత చెట్లూ కూడా ఉన్నాయి. మనం జామాయిల్ అంటామే, ఆ జాతి చెట్లకు ఆస్ట్రేలియా పుట్టిల్లు. ఆ చెట్ల మీదే మన తెల్ల చిలుక కాపురం ఉంటుంది.

కాకటూ ఎలా ఉంటుంది?

మన రామచిలుకకు కాకటూ దూరపు చుట్టం అనుకోండి. ఒళ్ళంతా తెలుపు. తల మీద పసుపుపచ్చ కుచ్చు ఉంటుంది. భయం వేసినా, కోపం వచ్చినా, సంతోషం కలిగినా ఆ కుచ్చు విసనకర్రలా విప్పుకుంటుంది. తల నుంచి తోక దాకా అర మీటరు పొడవు ఉంటుంది. బరువు కిలోకి కొంచెం తక్కువ. ముక్కు నల్లగా, కొడవలిలా వంగి, గట్టిగా ఉంటుంది. అరిచిందంటే చెవులు గింగురుమంటాయి.

ఇది అక్కడి అడవి పక్షి. ఎవరూ పెంచింది కాదు. నగరం పెరిగినా అది ఊరు విడిచి పోలేదు. మనుషుల మధ్య బతకడం నేర్చుకుంది.

2011లో సిడ్నీలోని ఒక పెద్ద తోటలో పక్షుల శాస్త్రజ్ఞులు ఒక పని మొదలుపెట్టారు. పశువుల చెవులకు అంకెలున్న బిళ్ళలు వేస్తారు, చూశారా? అటువంటి పసుపు బిళ్ళలనే కొన్ని కాకటూల రెక్కలకు తగిలించారు. "ఈ అంకె ఉన్న పక్షి మీకు ఎక్కడైనా కనపడితే మాకు చెప్పండి" అని ఊరి జనాన్ని అడిగారు. దారిన పోయేవాళ్ళు, కిటికీలోంచి చూసినవాళ్ళు అంకె చదివి కబురు పంపారు. ఏ పక్షి ఎక్కడ తింటుందో, ఎక్కడ పడుకుంటుందో అలా తెలిసింది.

పావురం అక్కడికి ఎలా వచ్చింది?

మనం రోజూ చూసే బూడిదరంగు పావురం ఆస్ట్రేలియా పక్షి కాదు. 1788లో ఇంగ్లాండు వాళ్ళు సిడ్నీ దగ్గర దిగి ఊరు కట్టుకున్నారు. అంతకు ముందు వేల ఏళ్ళ నుంచి ఆ నేల మీద ఆదివాసులు ఉంటున్నారు. ఇంగ్లాండు నుంచి వచ్చినవాళ్ళు కోళ్ళలాగే పావురాలను కూడా పెంపకానికి తెచ్చారు. వాటిలో కొన్ని తప్పించుకుని ఊరి మీద పడ్డాయి. వాటి సంతానమే ఇప్పుడు అక్కడి వీధుల్లో తిరుగుతోంది.

ఈ పావురాల పూర్వీకులు కొండ చరియల్లో గూళ్ళు కట్టేవి. మన గుడి గోపురాల్లో, పాత బావుల గోడల్లో పావురాలు ఎందుకు చేరతాయి? వాటి కంటికి అవి కొండ చరియల్లాగే కనపడతాయి. సిడ్నీలో మేడల అంచులు కూడా అంతే.

ఆస్ట్రేలియాకు సొంత పావురాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒక రకానికి తల మీద సన్నటి నల్ల కుచ్చు ఉంటుంది. దాన్ని కుచ్చు పావురం అందాం. అది కూడా పార్కుల్లో మేతకు దిగుతుంది. తెల్ల కుదుపు రెక్కల కాకటూ, బూడిద పావురం, కుచ్చు పావురం – మూడూ ఒకే పచ్చిక మీద కనపడతాయి.

ఎవరి తిండి వారిది

ఒకే చోట మేసినా వీటి తినే తీరు వేరు. కాకటూ కాలి వేళ్ళు రెండు ముందుకూ, రెండు వెనక్కూ ఉంటాయి. అందుకని అది కాలిని చెయ్యిలా వాడుతుంది. గింజనో, కాయనో కాలితో పట్టుకుని నోటి దగ్గరకు తెచ్చుకుంటుంది. అది కూడా ఏ కాలితో? దాదాపు అన్నీ ఎడమ కాలితోనే! మన పిల్లలు ఎడమ చేత్తో తింటే కోప్పడతాం. కాకటూ తల్లికి ఆ పట్టింపు లేదు.

దాని ముక్కు పోకచెక్కలు కత్తిరించే అడకత్తెర లాంటిది. గట్టి పెంకును పగలగొట్టి పప్పు తీసుకుంటుంది. నేలను తవ్వి గడ్డి దుంపలు, వేళ్ళు లాగుతుంది. తినేటప్పుడు దుబారా ఎక్కువ. సగం తిని సగం పారేస్తుంది.

పావురం కాలితో పట్టుకోలేదు. పెంకు పగలగొట్టలేదు. గింజను ఉన్నదున్నట్టు మింగుతుంది. మరి ఎలా అరుగుతుంది? కోడిని కోసినప్పుడు కందనకాయ చూస్తాం కదా! దానిలో చిన్న చిన్న రాళ్ళుంటాయి. పావురానికి కూడా అంతే. మింగిన రాళ్ళే దానికి తిరగలి. గింజను లోపల అవే నూరతాయి.

ఇప్పుడు చూడండి. పెద్ద ముక్కు వాడు పెద్ద కాయ తింటాడు. చిన్న ముక్కు వాడు చిన్న గింజ ఏరుకుంటాడు. కాకటూ తవ్వి, చీల్చి, రాల్చి వెళితే, పావురం ఆ రాలిన వాటిలో తనకు సరిపోయేది ఏరుకుంటుంది. పచ్చిక విశాలంగా ఉంటుంది. ఒకరి ముందు ఉన్నది ఇంకొకరు లాక్కోవాల్సిన పని పెద్దగా ఉండదు.

కాపలా ఎవరు కాస్తారు?

కలిసి మేయడంలో ఇంకో లాభం ఉంది. అది ప్రాణానికి సంబంధించిన లాభం.

నేల మీద వంగి తినే పక్షికి ఎప్పుడూ డేగ భయమే. ఒంటరిగా ఉంటే తినాలా, పైకి చూడాలా? కాకటూల మంద నేల మీదకు దిగినప్పుడు ఒకటో రెండో పక్షులు దగ్గరలో చెట్టు మీద ఉండి కాపలా కాస్తాయి. ప్రమాదం కనపడితే అవి కేకలు పెడతాయి. మంద ఒక్కసారి లేస్తుంది. ఆ కేక కాకటూలకే కాదు, పక్కన మేసే ప్రతి పక్షికీ వినపడుతుంది.

కుచ్చు పావురం సంగతి ఇంకా వింత. అది గొంతుతో కాదు, రెక్కతో హెచ్చరిస్తుంది. దాని రెక్కలో ఒక ఈక మిగతా వాటికన్నా సన్నంగా ఉంటుంది. అది భయపడి వేగంగా లేచినప్పుడు ఆ ఈక ఈల వేసినట్టు మోగుతుంది. ఆ ఈల విని మిగతా పావురాలు లేచిపోతాయి. 2017లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి రుజువు చేశారు. ఆ ఈక ఉన్న పక్షి ఎగిరిన చప్పుడు రికార్డు చేసి వినిపిస్తే పావురాలు లేచి పారిపోయాయి. ఆ ఈక లేని పక్షి చప్పుడు వినిపిస్తే చాలావరకు కదలలేదు.

నగరంలో ఇన్ని కళ్ళు, ఇన్ని చెవులు కలిసి కాపలా కాస్తుంటే మేత నిశ్చింతగా సాగుతుంది.

చెత్త డబ్బా కథ

నగరంలో తిండి పచ్చిక మీద మాత్రమే ఉండదు. మనుషులు పారేసే తిండి కూడా ఉంటుంది. సిడ్నీలో ప్రతి ఇంటికీ మూత ఉన్న పెద్ద చెత్త డబ్బా ఉంటుంది. మునిసిపాలిటీ బండి వచ్చే రోజున దాన్ని వీధిలో పెడతారు.

ఒక కాకటూ ఆ మూత తెరవడం కనిపెట్టింది. ముక్కుతో మూత అంచు ఎత్తుతుంది. మూతను వదలకుండా డబ్బా అంచు మీద నడుస్తుంది. మూత వెనక్కి పడిపోతుంది. లోపలి రొట్టె ముక్క దాని సొంతం. దాన్ని చూసి ఇంకోటి నేర్చుకుంది. 2018కి ముందు 3 పేటల్లోనే ఈ పని కనపడింది. 2019 చివరికి 44 పేటలకు పాకింది. 2021లో శాస్త్రజ్ఞులు ఈ లెక్కలు ప్రకటించారు. ఒక్కో పేటలో పక్షులు మూత తెరిచే తీరు కూడా కొంచెం తేడాగా ఉందట.

ఈ పని అన్ని కాకటూలకూ రాదు. శాస్త్రజ్ఞులు రంగు చుక్కలు పెట్టి గుర్తుపట్టిన పక్షుల్లో నూటికి 10 మాత్రమే మూత తెరవగలిగాయి. వాటిలో ఎక్కువ మగవి. మిగతావి కాచుకుని కూర్చుంటాయి. తెరిచేది ఒకటి, తినేవి పది. కింద రాలింది ఇతర పక్షుల పాలు.

మనుషులు ఊరుకుంటారా? మూత మీద ఇటుక పెట్టారు. కాకటూలు ఇటుకను తోసేశాయి. ఇంకా బరువులు కట్టారు. మూత సందులో చెప్పులు దూర్చారు. ఒక ఇంటివాళ్ళను చూసి పక్కింటివాళ్ళు కొత్త ఉపాయం నేర్చుకున్నారు. పక్షులూ అంతే, మనుషులూ అంతే!

మనం వేసే గుప్పెడు గింజలు

ఇక అసలు సంగతికి వద్దాం.

సిడ్నీలో చాలామంది ప్రేమతో మేడ వరండాలో కాకటూలకు రొట్టె, గింజలు పెడతారు. నాలుగు రోజుల్లో నాలుగు పక్షులు నలభై అవుతాయి. పావురాలు కూడా చేరతాయి. తిండి ఆలస్యమైతే కాకటూలు ఊరికే కూర్చోవు. వాటి ముక్కుకు ఎప్పుడూ పని ఉండాలి. కిటికీ చెక్కలు కొరికేస్తాయి. తిండి పెట్టిన ఇంటి కిటికీయే కాదు, పక్కింటి కిటికీ కూడా పోతుంది. ఇరుగు పొరుగు తగాదా మొదలవుతుంది.

అది చిన్న నష్టం. పెద్ద నష్టం జబ్బు.

పచ్చిక మీద పక్షులు చెదిరి మేస్తాయి. మనం పళ్ళెంలో పెడితే అన్నీ ఒకే చోట కిక్కిరిసి పడతాయి. ఒకదాని రెట్ట ఇంకోదాని తిండిలో పడుతుంది. ఒకే గిన్నెలో అన్నీ ముక్కులు పెడతాయి. ఇంట్లో ఒక పిల్లకు కళ్ళకలక వచ్చింది. ఆ పిల్ల తుడుచుకున్న తువ్వాలుతోనే అందరూ ముఖం తుడుచుకుంటే ఏమవుతుంది? ఇదీ అంతే.

కాకటూలకు ఒక చెడ్డ జబ్బు ఉంది. దాని వల్ల ఈకలు రాలిపోతాయి. కొత్త ఈకలు వంకరగా వస్తాయి. ముక్కు పెరిగి విరిగిపోతుంది. ముక్కు పోతే చిలుకకు తిండి లేదు. ఆ జబ్బుకు మందు లేదు. జబ్బు పక్షి ఈకల పొడి ద్వారా, రెట్ట ద్వారా అది ఇతర చిలుకలకు అంటుకుంటుంది. పావురాలకు గొంతులో పుండ్లు పడే జబ్బు ఉంది. అది ఒకే చోట తినడం, ఒకే నీళ్ళు తాగడం వల్ల పాకుతుంది.

పైగా రొట్టె వాటికి సరైన తిండి కాదు. కడుపు నిండుతుంది, బలం రాదు. అందుకే అక్కడి అధికారులు అడవి పక్షులకు మేత వేయవద్దని చెబుతారు.

పావురాల విషయంలో ఇంకో సంగతి ఉంది. చాలా పక్షులు పురుగులు దొరికే కాలంలోనే పిల్లలను పెంచుతాయి. పావురం అలా కాదు. ఆడదీ మగదీ రెండూ తమ గొంతు కింది సంచిలో పాల లాంటి ముద్ద తయారు చేసి పిల్లల నోట్లో పెడతాయి. పురుగులతో పని లేదు. పెద్దవాటికి గింజలు దొరికితే చాలు, ఏ కాలంలోనైనా పిల్లలు పెరుగుతాయి. రోజూ బస్తాల కొద్దీ గింజలు పోస్తే పావురాలు ఎందుకు పెరిగిపోతాయో ఇప్పుడు అర్థమైంది కదా?

అయితే పుణ్యం మాటేమిటి?

"నోరు లేని జీవానికి గుప్పెడు గింజలు వేస్తే తప్పా?" అని మీరు అడుగుతారు. అడగాల్సిన మాటే. దయ తప్పు కాదు. ఆ దయ పక్షికి మేలు చేస్తోందా అని చూసుకోవాలి.

మన పెద్దవాళ్ళు చేసిన పని గుర్తు తెచ్చుకోండి. పంట చేతికి వచ్చినప్పుడు వరి కంకులను కుచ్చులుగా అల్లి చూరుకు కట్టేవారు. పిచ్చుకలు వచ్చి ఒక్కొక్క గింజ ఒలుచుకుని తినేవి. ఆ తిండి నేల మీద రెట్టలో పడదు. కుప్పగా ఉండదు. అది కొన్నాళ్ళ పాటు ఉండే మేత. ఏడాది పొడుగునా పక్షిని మన గడపకు కట్టేసే మేత కాదు.

పక్షికి తిండి కన్నా కరువైనవి రెండున్నాయి. ఒకటి నీళ్ళు. సిడ్నీ పడమటి వైపు ఒక ఆటస్థలం దగ్గర మనుషులు తాగే నీళ్ళ కుళాయి ఉంది. దాని పిడి తిప్పి పట్టుకుంటేనే నీళ్ళు వస్తాయి. కాకటూలు అది కూడా నేర్చుకున్నాయి. కాలితో పిడి పట్టుకుని, ఒళ్ళంతా వాల్చి తిప్పుతాయి. 2018లో అక్కడ 44 రోజులు కెమెరా పెట్టి చూశారు. నూరు ప్రయత్నాల్లో 41 సార్లు వాటికి నీళ్ళు దక్కాయి. తమ వంతు కోసం కంచె మీద కాచుకున్నవి కూడా ఉన్నాయి. మన బోరింగు దగ్గర బిందెల వరుస లాగే!

రెండోది చెట్టు. కాకటూ కొమ్మ మీద గూడు కట్టదు. పాత చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. జామాయిల్ జాతి చెట్టుకు అంత పెద్ద తొర్ర పడాలంటే నూరేళ్ళ పైనే పడుతుంది. ఒక్క పాత చెట్టు కొట్టేస్తే ఆ గది మళ్ళీ మన మునిమనవల కాలానికి గానీ రాదు. ఎన్ని గింజలు పోసినా ఆ గదికి బదులు కాదు.

మన ఇంటి సంగతి

మన ఊళ్ళో కాకటూ లేదు. పావురం ఉంది. మనకు దానితో ఒక జాగ్రత్త కావాలి.

పావురం రెట్ట ఎండి పొడి అవుతుంది. చీపురు వేయగానే ఆ పొడి గాలిలో లేస్తుంది. అది ముక్కులోకి పోతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పొడి దగ్గు పట్టుకుంటుంది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. 2025లో ముంబయి నగరంలో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాలను అధికారులు మూయించారు. జనం ఆరోగ్యం కోసమే మూశామన్నారు. పావురాలకు మేత వేయడం తమ ధర్మం అనే వాళ్ళు ఒప్పుకోలేదు. పెద్ద గొడవే జరిగింది. రెండు వైపులా బాధ ఉంది. ఊడ్చే మనిషి ఊపిరి కూడా ఆ లెక్కలో ఉండాలి.

కాబట్టి నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి.

రెట్టలను పొడిగా ఊడ్చవద్దు. ముందు నీళ్ళు చల్లి తడపండి. తర్వాత తీయండి.

ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పసిపిల్లలను దగ్గరకు రానివ్వవద్దు.

దగ్గు, ఆయాసం తగ్గకుండా ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. "మా ఇంటి దగ్గర పావురాలున్నాయి, రెట్టలు నేనే ఊడుస్తాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరుకు దారి చూపిస్తుంది.

ఎండాకాలంలో పక్షులకు వెడల్పు మూకుడులో నీళ్ళు పెట్టండి. రోజూ మూకుడు తోమి కొత్త నీళ్ళు పోయండి. వంటింటి కిటికీకి, బియ్యం చెరిగే చోటుకి దూరంగా పెట్టండి.

ఇక మీ వంతు

సిడ్నీ పచ్చిక మీద కాకటూ, పావురం ఎవరూ పిలవకుండానే కలిసి మేస్తున్నాయి. ఎవరి ముక్కుకు తగ్గది వాళ్ళు తింటున్నారు. ఒకరి కేక ఇంకొకరికి కాపలా అవుతోంది. మనం చేయగలిగిన సాయం వాటికి చెట్టు మిగల్చడం, శుభ్రమైన నీళ్ళు పెట్టడం, మన చెత్త మీద మూత గట్టిగా వేయడం.

ఇప్పుడు మీరు చెప్పండి. మీ వీధిలో పావురాలు ఎక్కడ చేరుతున్నాయి? వాటికి గింజలు ఎవరు వేస్తున్నారు? ఆ చోటు ఎవరు ఊడుస్తున్నారు? తొర్ర ఉన్న పాత చెట్లు మన ఊళ్ళో ఎన్ని మిగిలాయి? ఒక్కొక్కరూ చెప్పండి. పలక మీద రాసుకుందాం. వచ్చే వారం ఆ చెట్ల దగ్గరకు అందరం కలిసి వెళ్ళి, ఏ తొర్రలో ఏ పక్షి ఉందో చూసి వద్దాం.